చర్మంపై కంతులు: కంటిచూపు నుండి సూక్ష్మదర్శిని దాకా

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలయ్యాయి. అంతకుముందు ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం పాత వరంగల్ జిల్లాలోనిదే. అంతకు మునుపు నిజాం రాజ్యంలోనిది. మహబూబాబాద్ పేరులో 6వ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు నేటికీ నిలిచి ఉంది. జనం మాత్రం దానిని మానుకోట అనే పిలుస్తారు. ఊరికే రెండు పేర్లున్న ఈ ప్రాంతంలో రోగాలకు కూడా రెండేసి పేర్లుండటంలో వింతేమీ లేదు. ఇక్కడి ముస్లింల ఇళ్లలో చర్మం మీద ఏదైనా లేస్తే ఒకరు గడ్డ అంటారు, మరొకరు రసౌలీ అంటారు. పులిపిరి మస్సా అవుతుంది. కుష్ఠు జుజామ్ అవుతుంది. మానని పుండును నాసూర్ అంటారు. ప్రాణం మీదికి తెచ్చే కంతిని సర్తాన్ అంటారు.

ఈ పేర్లన్నీ కంటితో చూసి, చేతితో తాకి పెట్టినవే. చూపుకు ఒకే తీరుగా కనిపించే రెండింటికి ఒకే పేరు పడటం అందువల్లనే జరుగుతుంది. తెలుగులో రాచపుండు అనే మాటనే చూడండి. మధుమేహం ఉన్నవారి వీపు మీదా మెడ మీదా లేచే పెద్ద సెగగడ్డకూ ఆ పేరే వాడారు, కాన్సర్‌కూ ఆ పేరే వాడారు. మొదటిది సూక్ష్మక్రిముల వల్ల చీము పట్టినది. చీము తీసి, తగిన మందులిచ్చి, మధుమేహాన్ని అదుపు చేస్తే మానుతుంది. రెండవది శరీరంలోని కణాలే హద్దు మీరి పెరగడం. చీము తీసినంత మాత్రాన అది మానదు. పేరు తప్పితే చికిత్స తప్పుతుంది, చికిత్స తప్పితే కాలం చేజారుతుంది.

ఒక కంతిని మరొక కంతి నుండి వేరు చేసి గుర్తించే విద్య మానవునికి ఎలా అబ్బింది? అందులో ముస్లిం వైద్యుల పాత్ర ఏమిటి? అది మన దక్కనుకు ఎలా చేరింది? ఈ మూడు ప్రశ్నలను ఇక్కడ చరిత్ర క్రమంలో పరిశీలిద్దాం.

వేరు చేసి చూడటం: హకీముల పద్ధతి

యూనానీ వైద్యానికి మూలం గ్రీకు వైద్యం. గట్టిపడి, చుట్టూ ఉబ్బిన రక్తనాళాలతో ఎండ్రకాయ కాళ్లను తలపించే కంతిని గ్రీకులు ఎండ్రకాయ పేరుతోనే పిలిచారు. అరబీలో సర్తాన్ అంటే కూడా ఎండ్రకాయే. రాశిచక్రంలో మనం కర్కాటకం అనే దానిని అరబీలో సర్తాన్ అంటారు. అయితే ముస్లిం వైద్యులు గ్రీకుల మాటలను అనువదించి అంతటితో ఊరుకోలేదు. వారు చేసిన ముఖ్యమైన పని ఒక్కటి ఉంది: ఒకేలా కనిపించే రోగాలను వేరు చేసే గుర్తులను వెదకడం.

ఈ పద్ధతికి తొలి గొప్ప ఉదాహరణ అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అర్రాజీ. క్రీ.శ. 9వ శతాబ్ది రెండవ సగంలో పుట్టి 10వ శతాబ్ది తొలి పాదం వరకు జీవించిన ఈ వైద్యుడు మశూచికీ తట్టుకూ గల తేడాను ప్రత్యేక గ్రంథంలో వివరించారు. రెండింటిలోనూ జ్వరం ఉంటుంది, రెండింటిలోనూ ఒంటి మీద పొక్కులు వస్తాయి. నడుము నొప్పి దేనిలో ఎక్కువ, ఆందోళన దేనిలో ఎక్కువ, పొక్కు ఎలా లేస్తుంది అనే వివరాలను పక్కపక్కన పెట్టి చూసి రెండు రోగాలను విడదీశారు. అవి కంతులు కావు. కాని చర్మం మీద కనిపించేదానిని చదివే తీరు అక్కడ స్థిరపడింది.

ఇబ్నె సీనా (హిజ్రీ 370-428, క్రీ.శ. 980-1037) తమ ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’ నాలుగవ గ్రంథంలో వాపులను, కంతులను వర్గీకరించారు. గట్టిగా ఉండి, నొప్పి లేకుండా, ఉన్నచోటనే ఉండే వాపు ఒకటి. వేడిమి, సలుపు, పెరుగుదల కలిగి, చుట్టూ నాళాలు వ్యాపించి, పక్క కండను పట్టుకొనేది మరొకటి. ఈ రెండవదే సర్తాన్. దీనికి కారణం నల్లపిత్తం, అంటే సౌదా, అని వారు నమ్మారు. ఆ సిద్ధాంతం నేడు నిలవదు. కాని పెరుగుతున్నదా, పక్కకు పాకుతున్నదా, నొప్పి ఉన్నదా అని వారు అడిగిన ప్రశ్నలను నేటికీ ప్రతి వైద్యుడూ అడుగుతాడు. కారణం చెప్పడంలో పొరపడినా లక్షణం చెప్పడంలో వారు తడబడలేదు. బొల్లిని, దానిలా కనిపించే ఇతర తెల్లమచ్చలను వేరు చేయడానికి సూదితో పొడిచి రక్తం వస్తున్నదో లేదో చూసే పరీక్ష కూడా యూనానీ గ్రంథాలలో ఉంది. నమ్మకం మీద కాక పరీక్ష మీద ఆధారపడాలనే దృష్టికి ఇది నిదర్శనం.

ఈ విషయంలో అందరికన్నా ముందుకు వెళ్లినవారు అందలుస్ దేశపు అబుల్ ఖాసిం అజ్జహ్రావీ (క్రీ.శ. 936-1013). ఖుర్తుబా నగరానికి దగ్గరలోని మదీనతుజ్జహ్రాకు చెందిన వీరు వ్రాసిన ‘అత్తస్రీఫ్’ 30 భాగాల మహాగ్రంథం. చివరి భాగం పూర్తిగా శస్త్రచికిత్సకు సంబంధించినది. అందులో సల్అ అనే పేరుతో చర్మం కింద లేచే గడ్డలను వర్ణించారు. ఇవి పలుచని సంచిలో ఉంటాయని, కొన్నింటిలో కొవ్వు వంటిది, కొన్నింటిలో అంబలి వంటిది ఉంటుందని చెప్పారు. పైకి అన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి గనుక, కోసేముందు సన్నని శోధినిని లోపలికి పంపి అందులో ఏమున్నదో తెలుసుకోవాలన్నారు. సంచిలో కొంత మిగిలిపోయినా గడ్డ తిరిగి వస్తుందని హెచ్చరించారు. నేటి వైద్యులు సన్నని సూదితో కణాలను లాగి పరీక్షించే విధానానికీ దీనికీ మధ్య వెయ్యేండ్ల ఎడం ఉంది. నేటి సూది కణాలను తెస్తుంది, ఆనాటి శోధిని లోపలి ద్రవాన్ని మాత్రమే తెలిపింది. అయినా, కోయకముందే లోపలిది తెలుసుకోవాలనే ఆలోచన ఒక్కటే.

అజ్జహ్రావీ చెప్పిన మరొక మాట ఇంతకంటే విలువైనది. ముదిరిన పెద్ద సర్తాన్ జోలికి పోవద్దని వారు వైద్యులకు సలహా ఇచ్చారు. తాను అటువంటిదానిని ఒక్కసారి కూడా నయం చేయలేకపోయానని, తనకు ముందు చేసినవారిని కూడా చూడలేదని వ్రాసుకున్నారు. కీర్తి గల వైద్యుడు తన చేతకానితనాన్ని తన గ్రంథంలోనే దాచకుండా వ్రాయడం అరుదు. పూర్వీకులు అంతా కనిపెట్టేశారని గొప్పలు చెప్పుకొనేవారు ఈ వాక్యాన్ని గుర్తుంచుకోవాలి. వారి గొప్పతనం అన్నీ తెలిసి ఉండటంలో లేదు, తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య గీత గీయడంలో ఉంది.

12వ శతాబ్దిలో టొలెడో నగరంలో జెరార్డ్ ఆఫ్ క్రెమోనా అనే పండితుడు ఇబ్నె సీనా ఖానూన్‌నూ, అజ్జహ్రావీ శస్త్రచికిత్సా భాగాన్నీ లాటిన్ భాషలోకి మార్చారు. అటుపిమ్మట కొన్ని శతాబ్దాల పాటు యూరపు విద్యాలయాలలో కంతులను గురించి చదువుకొన్నవారు చాలా వరకు ఈ గ్రంథాల నుండే చదువుకొన్నారు.

కంటికి అందని లోపలి లోకం

హకీముల పద్ధతికి ఒక హద్దు ఉంది. ఎంత నిశితంగా చూసినా కన్ను కంతి పైభాగాన్నే చూస్తుంది. చేయి దాని గట్టిదనాన్ని, కదలికను మాత్రమే చెబుతుంది. ఆ హద్దు దాటడానికి గాజు కావలసి వచ్చింది. కాంతి కంటిని ఎలా చేరుతుంది, గాజులో ఎలా వంగుతుంది అనే విషయాలను ప్రయోగాలతో శోధించిన ఇబ్నుల్ హైథమ్ ‘కితాబుల్ మనాజిర్’ 11వ శతాబ్ది తొలి పాదంలో వెలువడింది. అది కూడా లాటిన్‌లోకి పోయి, యూరపులో దృష్టిశాస్త్రానికి పునాదులలో ఒకటైంది. ఆయన సూక్ష్మదర్శినిని చేయలేదు. దానికి మరి 6 శతాబ్దాలు పట్టింది. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చిన్నచిన్న గదులను చూసి వాటికి పెట్టిన పేరే నేటి ‘సెల్’. మనం దానిని కణం అంటున్నాం.

జంతు శరీరం కూడా కణాలతోనే నిర్మితమైందని 1839లో థియొడోర్ ష్వాన్ ప్రతిపాదించారు. దానికి ముందటి సంవత్సరమే జొహనెస్ ముల్లర్ కంతులను సూక్ష్మదర్శిని కింద పెట్టి వాటి నిర్మాణాన్ని వర్ణించారు. 1858లో ఆయన శిష్యుడు రుడాల్ఫ్ విర్ఖో రోగమంటే కణాలలో వచ్చిన మార్పేనని సిద్ధాంతీకరించారు. నాలుగు ధాతువుల లెక్క అక్కడితో ముగిసింది.

బతికి ఉన్న రోగి శరీరం నుండి చిన్న ముక్క తీసి పరీక్షించడానికి బయాప్సీ అనే పేరు పెట్టినది ఒక చర్మవైద్యుడే. పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రికి చెందిన ఎర్నెస్ట్ బెస్నియే 1879లో ఆ మాటను వాడారు. 1894లో జర్మన్ వైద్యుడు ఉన్నా చర్మరోగాల సూక్ష్మనిర్మాణంపై పెద్ద గ్రంథం వెలువరించారు. చర్మం ఒంటికి పైననే ఉంటుంది గనుక ముక్క తీయడం సులభం. కంటికి కనిపించిన దానినీ సూక్ష్మదర్శినిలో కనిపించిన దానినీ పక్కపక్కన పెట్టి పోల్చడం అందుకే చర్మరోగాలలో ముందుగా సాగింది.

ఈ పని ఎలా జరుగుతుందో పాఠకులు తెలుసుకోవడం అవసరం. తీసిన ముక్కను వెంటనే ఫార్మలిన్ ద్రావకంలో వేస్తారు. 1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ గుర్తించిన దాని గుణం వల్ల కండ కుళ్లదు, గట్టిపడుతుంది. తర్వాత నీరంతా తీసివేసి మైనంలో పొదిగి, మిల్లీమీటరులో 200వ వంతు మందాన పొరలుగా కోస్తారు. ఆ పొరను గాజు పలక మీద పరచి రెండు రంగులు వేస్తారు. మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవ నుండి వచ్చే హెమటాక్సిలిన్ కణాల నడిమి బీజాన్ని నీలం చేస్తుంది. ఇయోసిన్ మిగతా భాగాన్ని గులాబీ రంగుకు తెస్తుంది. అప్పుడు వైద్యుడు చూసేది రంగులను కాదు, అమరికను. చర్మపు కణాలు తమ వరుసలో ఉన్నాయా? పొర అడుగున ఉన్న గీతను దాటి లోపలికి చొచ్చుకుపోయాయా? బీజాలు ఒకే పరిమాణంలో ఉన్నాయా? విభజన ఎంత వేగంగా సాగుతున్నది?

1827లో డబ్లిన్ వైద్యుడు ఆర్థర్ జేకబ్ ముఖం మీద, కనురెప్పల దగ్గర మెల్లగా తొలుచుకుపోయే ఒక పుండును వర్ణించారు. దాని అంచు ముత్యంలా మెరుస్తుంది. ఏండ్ల తరబడి అక్కడే ఉండి కండను తింటుంది గాని దూరపు అవయవాలకు పాకడం మిక్కిలి అరుదు. ఇది చర్మం అట్టడుగు పొర కణాలను పోలిన కంతి అని 20వ శతాబ్ది ఆరంభంలో హంగరీ దేశపు క్రోంపెఖర్ సూక్ష్మదర్శినితో నిరూపించారు. పై పొర కణాల నుండి వచ్చే మరొక కాన్సర్ ఉంది. దాని అంచు బయటికి మడిచినట్లు ఉంటుంది, పలకలో ముత్యాల వంటి గుండ్రని గుంపులు కనిపిస్తాయి. ఇది గజ్జలోనో చంకలోనో ఉన్న గ్రంథులకు పాకగలదు. పైకి రెండూ పుండ్లే. ఒకదానికి చేసే శస్త్రచికిత్స మరొకదానికి చాలదు.

పలక చెప్పని సాక్ష్యం

సూక్ష్మదర్శిని వచ్చింది గనుక ఇక కంటితో పని లేదని కొందరు భావించారు. చరిత్ర వారికి ఒక గట్టి పాఠం నేర్పింది. 1887లో జర్మనీ యువరాజు ఫ్రెడరిక్ గొంతులో కంతి లేచింది. ఇంగ్లండు నుండి వచ్చిన మోరెల్ మెకంజీ అనే వైద్యుడు చిన్న ముక్క తీసి విర్ఖోకు పంపారు. తన చేతికి వచ్చిన ముక్కలో కాన్సర్ కనిపించలేదని విర్ఖో నివేదించారు. శస్త్రచికిత్స వాయిదా పడింది. 1888 మార్చిలో ఫ్రెడరిక్ చక్రవర్తి అయ్యారు, 99 రోజులు పాలించి జూన్ 15న మరణించారు. ఆయన కంతి కాన్సరే. ప్రపంచంలోకెల్లా గొప్ప రోగనిర్ణయవేత్త పలకను చూశారు, కాని ఆయన చూడగలిగినది తనకు పంపిన ముక్కను మాత్రమే.

ముక్క ఎక్కడ నుండి తీశారన్నది పలకను ఎవరు చదివారన్నంత ముఖ్యమని ఈ సంఘటన చెబుతుంది. పుండు నడుమ చచ్చిన కండను తీస్తే ఏమీ తెలియదు. అంచు నుండి, పక్కన కొంత మంచి చర్మంతో సహా, తగినంత లోతుగా తీయాలి. ముక్కతోపాటు రోగి వయస్సు, కంతి ఉన్న చోటు, అది ఎన్నాళ్ల నుండి ఉన్నది, అక్కడ పూర్వం కాలిన మచ్చ ఉన్నదా అనే వివరాలు వ్రాసి పంపాలి. ఏండ్ల తరబడి మానని పుండు అంచున చర్మం మందమై లోపలికి దిగినప్పుడు, అది కాన్సర్ కాకపోయినా పలకలో కాన్సర్‌లాగే కనిపించవచ్చు. పుండు చరిత్ర తెలియకపోతే నిపుణుడైనా భ్రమపడతాడు. అంటే హకీం అడిగిన ప్రశ్నలు రద్దు కాలేదు. వాటికి జవాబు చెప్పే రెండవ సాక్షి మాత్రం వచ్చింది.

దక్కనులో సూక్ష్మదర్శిని

ఈ కొత్త విద్య మన ప్రాంతానికి త్వరగానే చేరింది. 1846లో హైదరాబాదులో వైద్య పాఠశాల ఏర్పడింది. అక్కడ పాశ్చాత్య వైద్యాన్ని తొలుత ఉర్దూలోనే బోధించారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో చూశారు. ఆ దోమలు కుట్టిన రోగి పేరు హుస్సేన్ ఖాన్. ఒక్కో దోమ కాటుకు ఒక్కో అణా చొప్పున పుచ్చుకొని తన ఒంటిని ఆ పరీక్షకు ఇచ్చిన ఈ సామాన్యుని పేరు కూడా వైద్యచరిత్రలో నిలిచింది.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపన జరిగింది. దానికి కావలసిన పుస్తకాలను ఉర్దూలోకి మార్చడానికి దారుత్తర్జుమా 1917లోనే ఏర్పడింది. వైద్యవిద్య కూడా కొంతకాలం ఉర్దూలో సాగింది. కణం, ధాతువు, కంతి, పొర వంటి ప్రతి మాటకూ అరబీ మూలం నుండి పదం వెదికిన ఆ పండితుల శ్రమ, బాగ్దాదులో గ్రీకు గ్రంథాలను అరబీలోకి మార్చిన నాటి శ్రమకు వారసత్వమే. వరంగల్, జనగామ వైపు నుండి వెళ్లిన విద్యార్థికి సర్తాన్ అనే మాట ఇంట్లో విన్నదే, పాఠంలోనూ అదే మాట. అయితే పాఠంలో ఆ మాటకు పలక మీద చూపించగల అర్థం వచ్చింది.

మన ప్రాంతంలో చర్మం మీది గడ్డలను వేరు చేయవలసిన అవసరం అందరికన్నా ఎక్కువగా కుష్ఠు రోగుల విషయంలో పడింది. ముదిరిన కుష్ఠులో ముఖం మీదా చెవుల మీదా గడ్డలు లేస్తాయి. వీటికి కారణమైన సూక్ష్మజీవిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొన్నారు. 1882లో ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ మరొక రోగాన్ని వర్ణించారు. అందులోనూ ఒంటి నిండా మెత్తని గడ్డలు లేస్తాయి. కాని అవి నరాల పొరల నుండి పుట్టిన కంతులు. అంటవు, క్రిమి లేదు. చాలావరకు అవి ప్రమాదకరం కావు. ఈ రెండింటినీ ఒకటిగా భావించినందువల్ల జరిగే అన్యాయం చిన్నది కాదు. నరాల గడ్డలున్న మనిషిని కుష్ఠు రోగి అని ఊరు వెలివేస్తుంది. కుష్ఠు గడ్డలున్న మనిషి మామూలు గడ్డలే అనుకొని మందు లేకుండా వేళ్లు పోగొట్టుకొంటాడు.

నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్ 1915లో కుష్ఠు ఆసుపత్రిని ప్రారంభించారు. నిజాం ప్రభుత్వం దీనికి తోడ్పడింది. ఇటువంటి ఆసుపత్రులలో అలవాటైన పరీక్ష మిక్కిలి సరళమైనది. చెవి తమ్మె మీద చిన్న గాటు పెట్టి, రసం గీకి, పలక మీద రాసి, ఎర్రని రంగు వేసి చూస్తారు. క్రిమి ఉంటే ఎర్రని కడ్డీలుగా కనిపిస్తుంది. ఒక్క చుక్క రసం ఒక మనిషి బతుకును తేల్చుతుంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందుల కలయికను సిఫారసు చేసిన తర్వాత కుష్ఠు పూర్తిగా నయమయ్యే రోగమైంది. నయమయ్యే రోగాన్ని గుర్తించకపోవడం అంతకు ముందుకన్నా పెద్ద తప్పిదమైంది.

ఉద్యోగరీత్యా మద్రాసులో ఉన్న చార్లెస్ డోనవన్ 1903లో కాలా అజార్ క్రిమిని చూశారు. 1922లో కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి ఆ జ్వరం తగ్గిన తర్వాత చర్మం మీద లేచే గడ్డలను వర్ణించారు. అవి కూడా చూపుకు కుష్ఠు గడ్డలే. పలక మీద మాత్రం వేరే క్రిమి. మెడలో గండమాల చితికి చర్మానికి పాకే క్షయ కూడా కాన్సర్ పుండును తలపించవచ్చు. కంతిలా కనిపించే ప్రతిదీ కంతి కాదని ఈ ఉదాహరణలన్నీ చెబుతున్నాయి.

మన కట్టూ, మన బతుకూ

1941లో బొంబాయిలో టాటా స్మారక ఆసుపత్రి ప్రారంభమైంది. అక్కడి ఖానోల్కర్, సూర్యాబాయి 1945లో వెలువరించిన వ్యాసం మనకు ముఖ్యమైనది. భారతీయుల అలవాట్ల వల్ల వచ్చే మూడు రకాల కాన్సర్లను వారు వర్ణించారు. వాటిలో ఒకటి ధోవతి కట్టు దగ్గర నడుము చర్మానికి వచ్చేది. ఏండ్ల తరబడి ఒకేచోట బిగించి కట్టినందువల్ల చర్మం ఒరిసి, రంగు మారి, మందమై, చివరికి పుండుగా మారి కొందరిలో కాన్సర్ అవుతుంది. చీర కట్టే స్త్రీలలోనూ ఇది కనిపించింది. మరొకటి ఉత్తర కోస్తా తెలుగువారిలో చుట్ట నిప్పును నోటిలో ఉంచుకొని అడ్డపొగ తాగడం వల్ల అంగిలికి వచ్చేది.

కాలిన మచ్చ మీద కాన్సర్ రావడం మరొక సంగతి. 1828లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు మార్జొలిన్ ఇటువంటి పాత మచ్చలపై లేచే పుండ్లను వర్ణించారు. చిన్ననాడు పొయ్యి మంటలో కాలినచోట 20, 30 ఏండ్ల తర్వాత పుండు లేచి మానకపోతే దానిని పాత మచ్చ రేగిందని కొట్టివేయరాదు. స్పర్శ పోయిన కుష్ఠు రోగి అరికాలిలో ఏండ్లుగా ఉన్న పుండు కూడా ఇదే దారి పట్టవచ్చు.

1775లో లండన్ వైద్యుడు పర్సివల్ పాట్ పొగగొట్టాలు ఊడ్చే కార్మికులకు మసి వల్ల చర్మ కాన్సర్ వస్తున్నదని గుర్తించారు. 1915లో జపాన్ శాస్త్రజ్ఞులు యమగివా, ఇచికావా కుందేలు చెవులకు బొగ్గు తారు పదేపదే పూసి కాన్సర్ పుట్టించారు. సింగరేణి గనులున్న భూపాలపల్లి పాఠకులు ఇక్కడ ఒక తేడాను గమనించాలి. ఈ దోషం ముడి బొగ్గుకు నిరూపితమైనది కాదు. బొగ్గును కాల్చగా, వండగా వచ్చే మసికీ తారుకూ నిరూపితమైంది.

మన రైతులు, కూలీలు చాలామంది వట్టి కాళ్లతో పొలంలో దిగుతారు. వారి అరికాలిలో నల్లని మచ్చ లేస్తే ముల్లు విరిగిందనో, ఆనెకాయ అనో అనుకొంటారు. తెల్లజాతివారికి నల్లని మచ్చ కాన్సర్ ఎండ తగిలే చోట్ల ఎక్కువగా వస్తుంది. మన వంటి వారికి వచ్చినప్పుడు మాత్రం అరికాలిలో, అరచేతిలో, గోరు కింద రావడం ఎక్కువ. దీని లోతును పలక మీద మిల్లీమీటర్లలో కొలిచి రోగి భవిష్యత్తును అంచనా వేయవచ్చని 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో చూపించారు. పలుచగా ఉన్నప్పుడు తీసివేస్తే చాలామంది బతుకుతారు. లోతుకు దిగిన తర్వాత ఆ ఆశ తగ్గుతుంది. పులిపిరికి గుర్రపు వెంట్రుక కట్టినట్లు దీనికి కట్టడం, జీడి పెట్టడం, సున్నంతో కాల్చడం మిక్కిలి ప్రమాదం. చికిత్స జరగదు సరికదా, పలక మీద చదవవలసిన అక్షరాలు కూడా చెరిగిపోతాయి.

నేటి బాధ్యత

హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట ఉన్న కాన్సర్ ఆసుపత్రి 1955లో ప్రారంభమైంది. వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల 1959లో ఏర్పడింది. చాలాకాలం పాటు ఈ మూడు ప్రాంతాల రోగులు వరంగల్‌కో హైదరాబాదుకో ప్రయాణం కావలసి వచ్చింది. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వైద్య కళాశాలలో రోగనిర్ణయశాస్త్రం తప్పనిసరి పాఠ్యాంశం. సూక్ష్మదర్శిని మన ఇంటి దరికి వచ్చింది. ఇక మిగిలినది మన అలవాటు.

ఆ అలవాటు ఏమిటి? చిన్న గడ్డే కదా అని ఎక్కడో కోయించుకొని, కోసిన కండను పారవేయించి, కట్టు కట్టించుకొని ఇంటికి రావడం. గాయం మానుతుంది, గడ్డ పేరు మాత్రం ఎవరికీ తెలియదు. అది కొవ్వు గడ్డ అయితే నష్టం లేదు. కాకపోతే ఏడాది తర్వాత తిరిగి లేచినప్పుడు, మొదటిసారి చేతిలో ఉన్న అవకాశం చెత్తబుట్టలో పోయి ఉంటుంది. కోసే ప్రతి వైద్యుణ్ణి ‘ఈ ముక్కను పరీక్షకు పంపుతున్నారా?’ అని అడగటం రోగి హక్కు. కాగితం వచ్చిన తర్వాత దానిని భద్రపరచడం రోగి బాధ్యత.

మన స్త్రీల విషయం ఇక్కడ చెప్పక తప్పదు. నడుము దగ్గర, రొమ్ము మీద, తొడ మీద గడ్డ లేస్తే సిగ్గుతో, పర్దా కారణంగా నెలల తరబడి దాచుకొనే వారున్నారు. అవసరం నిషిద్ధాన్ని సడలిస్తుందని, ఆ సడలింపు అవసరం మేరకే ఉంటుందని ఫిఖ్హ్ సూత్రం. ఉస్మానీ ఖిలాఫత్ కాలంలో 1869, 1876 మధ్య కూర్చిన ‘మజల్లా’లో కూడా ఈ రెండు సూత్రాలు చోటు చేసుకున్నాయి. వైద్యపరీక్షకు అవసరమైనంత మేర శరీరాన్ని చూపడానికి ఉలమా అనుమతించినదీ ఈ ఆధారం మీదనే. వైద్యురాలు దొరికితే మేలు. దొరకలేదని రోగాన్ని దాచుకోవడం ధర్మం కాదు. ఈ మాటను ఇంట్లో పెద్దలు, మస్జిదులో ఇమాములు స్పష్టంగా చెప్పాలి.

నెల దాటినా మానని పుండు, పెరుగుతున్న గడ్డ, రంగో అంచో మారుతున్న పుట్టుమచ్చ, పాత మచ్చ మీద కొత్తగా లేచినది, స్పర్శ లేని మచ్చ: ఈ ఐదింటిలో ఏది కనిపించినా వైద్యునికి చూపాలి. వీటిలో చాలావరకు ప్రమాదం లేనివే అవుతాయి. కాని ఏది ప్రమాదమో, ఏది కాదో మనం ఇంట్లో కూర్చొని తేల్చలేం. అజ్జహ్రావీ అంతటి శస్త్రవైద్యుడు తన చేతిని మాత్రమే నమ్మక, శోధినిని లోపలికి పంపి చూడమన్నారు. ఆయన వద్ద సూక్ష్మదర్శిని లేదు. మనకు ఉంది.